అర పూట తేడా

టవలు సంగతి ఖాశిం వచ్చి అడిగేదాకా హైమావతికి తట్టనే లేదు. “మేడం, ఇది మీరు ఇంటికాణ్ణించి తెచ్చుకున్నదే గదా. రాత్రి ఉతికి ఆరేశా. మీరు పట్టుకపోతారా, కొత్త సారు కుర్చీకి ఏసెయ్యమంటారా?” అని, మడత పెట్టిన తెల్ల టర్కీ టవలు రెండు చేతులతో పట్టుకుని, పెళ్ళిలో బట్టలు పెట్టేవాడిలా నిలబడ్డాడు. పాపం, ఇంతకన్నా మర్యాదగా ఎట్లా అడగాలో ఆ ముసలి అటెండరుకి మాత్రం ఏం తెలుసు. ఈ సబ్ ట్రెజరీ మొత్తంలో కుర్చీకి టవలు ఉండేది ఒక్క ఆఫీసరుకే. నిన్న సాయంత్రం దాకా ఆ ఆఫీసరు తనే. ఇవాళ ఆఫీసు తెరవగానే దేవదానం వచ్చి చార్జి తీసుకున్నాడు, ఇక తను ఇక్కడే, ఈ కప్పు కిందే, ఆయన కింద సీనియర్ అకౌంటెంటుగా చేరాలి. కోర్టు తీర్పులో దానికి రివర్షన్ అని పేరు. ఊళ్ళో వాళ్ళకి అంత పేరు అక్కర్లేదు, ట్రెజరీ అమ్మగారిని దింపేశారంట అంటే అందరికీ అర్థమవుతుంది. “ఏసెయ్యి ఖాశిం, ఆయన తెచ్చుకుని ఉండడు” అంది, అనేసి, ఇంత మామూలుగా ఎట్లా అనగలిగానా అని తనకే ఆశ్చర్యం వేసింది, టవలంటే టవలు, ఇచ్చేయొచ్చు, లోపలికి వెళ్ళాక ఆ మనిషిని ఏమని పిలవాలి? సార్ అనాలి. రాత్రంతా ఆ మాట నోట్లోనే తిప్పి చూసుకుంది, మాత్ర మింగలేక చప్పరించినట్టు, చేదు తప్ప ఏమీ దిగలేదు.

తను కూర్చున్నది వరండాలో పెన్షనర్లు కూర్చునే చెక్కబెంచీ. లోపలినించి కిటికీలో ఇన్నేళ్ళు చూసింది గానీ దీని మీద కూర్చున్నది లేదు, ఒక కాలు పొట్టి, కదిలినప్పుడల్లా టకటకమంటుంది, ఒక్కసారైనా ఎవరూ చెప్పలేదే, చెప్తే వడ్రంగిని పిలిపించేది గదా, చెప్పి ఉంటారు, తను తల ఊపి మరో బిల్లు మీద సంతకం పెట్టి ఉంటుంది. పక్కన ఒక ముసలావిడ, తెల్లచీర, ఒళ్ళో ప్లాస్టిక్ కవరు, అందులో బ్యాంకు పుస్తకం, మొగుడి ఫొటో. ఇందాకణ్ణించీ తనకేసి చూస్తోంది. చూసి చూసి, జాలిగా మోకాలి మీద చెయ్యి వేసింది. “నీది ఏ డిపార్టుమెంటు పెన్షనమ్మా? ఆయన పోయి ఎన్నాళ్ళయింది?” హైమావతికి ఒక్క క్షణం నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. “మా ఆయన ఉన్నాడు పెద్దమ్మా, అదుగో ఆ చెట్టు కింద” అంది. ముసలావిడ నాలిక కరుచుకుని లెంపలు వేసుకుంది. “ఏమనుకోబాక తల్లీ, ఇక్కడ కూర్చునేవాళ్ళందరూ అట్టాంటోళ్ళేగా, అందుకని.”

అవును, ఉన్నాడు. నిద్రగన్నేరు చెట్టు కింద స్కూటరు స్టాండు వేసి, దాని మీదే ఒక పక్కగా కూర్చుని, కాఫీ ఫ్లాస్కు హ్యాండిలుకి తగిలించి, ఆఫీసు గుమ్మంకేసి చూడకుండా ఎటో చూస్తున్నాడు పానకాలరావు. రావద్దంది. వినలేదు. పొద్దున ఏమీ మాట్లాడకుండా స్కూటరు తీశాడు, దారి పొడుగునా ఒక్క మాట లేదు. ఆయన మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా ఉండదు, వంటింట్లో పాలు పొంగినా ఎందుకు పొంగాయో ఆయన చెప్పాలి, ఏ దిక్కున పొంగితే ఏమిటో చెప్పాలి, అట్లాంటి మనిషి. తీర్పు వచ్చిన మర్నాడు చూసుకుంది, హాల్లో మేకుకి పంచాంగం లేదు. మేకు ఉంది. పెళ్ళయిన నాటినించీ ఆ మేకుకి ఏడాదికో పంచాంగం వేలాడుతూనే ఉంది. ఎక్కడ పెట్టావని ఆయన తనని అడగలేదు, తీశారా అని తను ఆయన్ని అడగలేదు. ఇవాళ శుక్రవారం. పదిన్నర నించి పన్నెండు దాకా రాహుకాలం, పంచాంగం అక్కర్లేదు దానికి, ఈ ఊళ్ళో చంటిపిల్లల్ని అడిగినా చెప్తారు. ఉత్తర్వులో ఏమో శుక్రవారం పూర్వాహ్నంలోగా, అంటే పన్నెండు లోపల, చేరకపోతే సర్వీసులో బ్రేకు పడినట్టే అని రాశారు, జూన్ నెలాఖరుకి రిటైరయ్యే మనిషికి సర్వీసులో బ్రేకు పడితే ఏమవుతుందో పెన్షను బిల్లులు పాస్ చేసిన చేతులకి ఒకరు చెప్పాలా? అయినా హైమావతి బెంచీ మీదినించి లేవలేదు. చెట్టు కిందినించి ఆయన కబురు పెడతాడు. పెట్టి తీరతాడు. పన్నెండు దాటాక సంతకం పెట్టమని ఖాశింతో చెప్పి పంపిస్తాడు. పంపిస్తే ఆగుతాను అని రాత్రే అనుకుంది, బ్రేకు పడితే పడనీ, ఈ వయసులో ఆయన్ని కాదని లోపలికి నడిచివెళ్ళి సంతకం పెట్టడమంటే, నీ వల్లే ఇదంతా అని ఆయన మొహం మీద చెప్పినట్టే గదా, అంతకంటే బ్రేకు పడటమే మేలు.

తను ఉద్యోగంలో చేరిన రోజూ శుక్రవారమే. ఇది కాదు, జిల్లా ట్రెజరీ, పెంకుల వరండా, దుమ్ము వాసన, ఎండలో కాగిన లక్క వాసన, కొత్త కోడలు, కాళ్ళకి పారాణి ఇంకా పూర్తిగా పోలేదు. ఉద్యోగం కాగితం పుట్టింటి చిరునామాకి వచ్చింది, అది అత్తగారింటికి చేరేసరికి గడువు మూడొంతులు అయిపోయింది, మిగిలిన రోజుల్లో మంచిది ఏదీ అని మామగారూ కొడుకూ కూర్చుని వేళ్ళు మడిచి, శుక్రవారం ఖాయం చేశారు. రాహుకాలం పోయాక, పన్నెండు దాటిన పావుగంటకి. అప్పుడు పానకాలరావుకి తుమ్మెద రెక్కల్లాంటి మీసాలు, ఇస్త్రీ చొక్కా, గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడి వాచీ చూసుకుంటూ అక్కణ్ణించే చెయ్యి చూపిస్తున్నాడు, ఆగు, ఇంకా ఆగు. తనేమో బెంచీ మీద, పట్టుచీరలో చెమటలు కక్కుతూ. పక్కన ఒక కుర్రాడు, ఈ దేవదానమే, సన్నగా, చొక్కా కాలరు లోపలికి మడిచి కుట్టించుకున్నవాడు, చేతిలో తనకి వచ్చినట్టే ఒక కాగితం. “మీరూ జూనియర్ అకౌంటెంటేనా అక్కా? మరి లోపలికి రారే?” “రాహుకాలం. పన్నెండు దాటాలి.” అతను ఫక్కున నవ్వాడు, ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది, ఎగతాళి కాదు, చనువు. “మాకు ఆ కాలం లేదక్కా. ఆదివారం ఒక్కటే ఉంది, అదీ మా అమ్మ చర్చికి లాక్కుపోతేనే.” తనూ నవ్వింది. అతను కాసేపు కూర్చుని, “ఒక్కదాన్నీ కూర్చోబెట్టి ఏం పోతాలే, నేనూ ఆగుతా, ఇద్దరం కలిసే పోదాం” అన్నాడు. అన్నాడు, నిజంగా అన్నాడు, అంటే తను ఏమంది? “నీకెందుకు తమ్ముడూ నా తంటా, నువ్వు పోయి పెట్టేసిరా” అంది. తనే పంపించింది. ఇంత పెద్ద కేసులో, ఇన్ని సంపుటాల కాగితాల్లో, ఈ ఒక్క ముక్క ఎక్కడా లేదు, వెళ్ళు అని వాణ్ణి తనే తరిమింది.

పన్నెండు దాటాక లోపలికి వెళితే, అప్పటి ఆఫీసరు కళ్ళజోడు మీదినించి చూశాడు, నుదుట ఇంత విభూతి పెట్టుకున్న మనిషే, ఆయన సొరుగులోనూ పంచాంగం ఉండే ఉంటుంది. కాగితం తీసుకుని అపరాహ్నం అని రాశాడు. పొద్దుటినించీ ఇక్కడే ఉన్నానండీ, పూర్వాహ్నం అని వేస్తారా అని అడిగింది. “ముహూర్తం నీదమ్మాయ్, గడియారం గవర్నమెంటుది” అన్నాడు. గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు, తనూ సిగ్గుపడి నవ్వింది, అర పూట, పోతే పోయింది, ఎవడికి కావాలి. బయటికి వస్తే పానకాలరావు మొహం వెలిగిపోతోంది. “లగ్నం చెక్కుచెదరకుండా కుదిరింది. చూస్తూ ఉండు, నువ్వు ఆఫీసరువై రిటైరవుతావు” అన్నాడు. ఆ మాట మీద ఆయన ఎన్నేళ్ళు బతికాడు! ఆయన ట్యుటోరియల్ పెట్టి లెక్కలు చెప్పేవాడు, చక్కగా చెప్పేవాడు కూడా, ఒక్క పిల్లవాణ్ణి కొట్టి ఎరగడు, లెక్క తప్పితే గోడకేసి తిరిగి నిలబడు అనడమే శిక్ష, బెల్లు కొట్టాక తనే దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి ఇటు తిరగరా అనేవాడు, అనడం మర్చిపోయిన రోజున పిల్లలు అట్లాగే నిలబడి ఉండేవాళ్ళు, తనే వెళ్ళి అన్నాలకి పంపించేది. కార్పొరేట్ కాలేజీలు వచ్చి ట్యుటోరియల్ మూతపడింది. పెళ్ళాం జీతం మీద బతుకుతున్నాడురా అని చాటునా మాటునా అన్నారు, అన్నవాళ్ళే ప్రమోషన్ వస్తే చేరడానికి మంచి టైము చూడమని ఆయన దగ్గరికే వచ్చారు. తనకి ఆఫీసరు పోస్టు వచ్చిన ఏడు మరీను, బదిలీల కాలంలో ఇంటి ముందు చెప్పుల గుట్ట. ఒక్కొక్కరికీ చెప్పేవాడు. “మా ఆవిణ్ణి చూడండి, ముహూర్తబలం అంటే అదీ.” వంటింట్లోంచి వింటూ, కాఫీలు కలుపుతూ, తనకీ గర్వంగానే ఉండేది, అబద్ధం ఎందుకు.

ఆ ఏడు ఉన్నది ఒక్కటే ఖాళీ. తనూ, దేవదానమూ, ఇద్దరూ ఒకే రోజు చేరినవాళ్ళు, మార్కుల జాబితా తొంభై తుపానుకి బీరువాలో నీళ్ళు చేరి ముద్దయిపోయింది, కాబట్టి ఒకే రోజు చేరినవాళ్ళలో వయసులో పెద్దవాళ్ళే సీనియరు అని ఆఫీసు వాళ్ళు తనని పైకి పంపారు. తను అతనికన్నా అయిదు నెలలు పెద్ద. అక్క. అతను మిఠాయి పెట్టె తీసుకుని ఇంటికొచ్చాడు కూడా. తరువాత ఎవరో అతనికి ఒక ముక్క చెవిన వేశారు, ఒరే పిచ్చివాడా, మధ్యాహ్నం చేరినవాళ్ళ సర్వీసు మర్నాటినించి లెక్క గదా, మీరిద్దరూ ఒకే రోజు చేరినవాళ్ళు ఎట్లా అవుతారు అని. అంతే. ఒక నోటీసు వచ్చింది. ఆ సంతకం కింద అక్క లేదు, తమ్ముడు లేడు, ప్రతివాది నంబరు ఉంది. లాయరు గారు అడిగాడు, ఆ రోజు ఎందుకమ్మా ఆలస్యమయింది అని. తను నోరు తెరిచేలోగా పానకాలరావు అందుకున్నాడు. “బస్సు, బస్సు చెడిపోయింది లాయరు గారూ, దారిలో.” ఆయన మొహం చూసింది, మెడ మీద నరం కొట్టుకుంటోంది. లాయరు రాసుకున్నాడు, తను సంతకం పెట్టింది. దేవదానం ఆ అఫిడవిట్ చదివి ఉంటాడు. చదివి ఏమనుకుని ఉంటాడు? చెమటలు కక్కుతూ బెంచీ మీద కూర్చున్న తన మొహం గుర్తొచ్చి ఉండదూ? అది అబద్ధమని అతను ఒక్క మాట అంటే చాలు, తన పరువు గంగలో కలిసేది. అనలేదు, ఎందుకు అనలేదో ఇప్పటిదాకా తెలియదు, అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది. ఇంక సంఘం వాళ్ళు చేరారు, వాళ్ళకేం అండీ, ఎట్లాగూ రోస్టరు ఉంది, ఎక్కడ చూసినా వాళ్ళే, మన పొట్ట కొట్టడానికి పుట్టారు అని తన గదిలోనే కూర్చుని అన్నారు. ఇందులో రోస్టరూ లేదు, రిజర్వేషనూ లేదు, ఒక వాచీ ఉంది అంతే, ఆ సంగతి అక్కడ తనకొక్కదానికే తెలుసు. పానకాలరావు కూడా అన్నాడు ఒకసారి, అనరాని కులం మాట, వరండాలో నిలబడి గట్టిగా, ఆ చివర పనుండి వచ్చిన దేవదానం వినేటట్టు. తను ఫైలు తిరగేస్తూ ఉండిపోయింది. ఏ ఫైలో కూడా గుర్తుంది, చచ్చిపోయిన టీచరు తాలూకు ఫ్యామిలీ పెన్షను.

కోర్టంటే ఏమో అనుకుంది. ఏళ్ళ తరబడి, రాత్రి బస్సెక్కి వెళ్ళి, తలుపు పక్కన నిలబడి, మన నంబరు రాలేదమ్మా అనిపించుకుని తిరిగి రావడం. పానకాలరావు ఏ వాయిదాకీ మంచి గడియ చూడకుండా బయల్దేరనివ్వలేదు, ఆయన ఎంత గట్టిగా చూస్తే కేసు అంత గట్టిగా వాయిదా పడేది. చివరి రోజు జడ్జి గారు తలెత్తి, ఒక అర పూట కోసమా ఇన్నాళ్ళు, అన్నట్టు ఇద్దరు లాయర్లకేసీ చూశాడు, బస్సు చెడిపోతే దానికి నిబంధన ఏం చేస్తుంది అన్నాడు, మంచినీళ్ళు తాగినంత సేపట్లో అయిపోయింది. హాలు బయట మెట్ల మీద దేవదానం కూర్చుని ఉన్నాడు. గెలిచినవాడిలా లేడు. రెండేళ్ళ కింద పక్షవాతం వచ్చి తగ్గింది, కుడి చెయ్యి ఇంకా స్వాధీనంలో లేదు, గుండీలు పెట్టుకోవడానికి ఎడమ చెయ్యి సాయం రావాలి. ఆఫీసరుగా సంతకాలు పెట్టడానికి అతనికి మిగిలింది నవంబరు దాకా. తమ్ముడూ అని పిలుద్దామనుకుంది, పక్కన పానకాలరావు ఉన్నాడు, పిలవలేదు. ఆ రాత్రి బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తెల్లవారేదాకా ఆయన నిద్రపోలేదని తనకి తెలుసు, తనూ నిద్రపోలేదని ఆయనకీ తెలిసే ఉంటుంది. ఒక్క మాట అనొచ్చు గదా తను, పోన్లెండి అని, మీరేం చేస్తారు అని. అంటే ఏమవుతుంది? మీరే చేశారు అని చెప్పినట్టవుతుంది. అందుకని అనలేదు. అనకుండా నెల గడిచింది, మేకు ఒక్కటే గోడకి ఉండిపోయింది.

“మేడం, సారు పిలుస్తున్నారు” అన్నాడు ఖాశిం. లేచింది, బెంచీ టక్కుమంది, ముసలావిడ, పో తల్లీ పో, తొందరగా పనవ్వాలి నీకు అని దీవించింది. గది అదే, ఫ్యాను అదే కిర్రుమని, బల్ల మీది గాజు కింద తను పెట్టుకున్న వెంకటేశ్వరస్వామి పటం ఇంకా తియ్యలేదు. టవలు వేసిన కుర్చీలో దేవదానం లేడు. ఎదర సందర్శకుల కుర్చీలో కూర్చుని ఉన్నాడు, తను రాగానే లేచి నిలబడ్డాడు. ఇద్దరూ నిలబడే ఉన్నారు, కూర్చోమని ఎవరు ఎవరికి చెప్పాలో తేలలేదు. చివరికి హైమావతి చేరిక కాగితం బల్ల మీద పెట్టింది. ఇది రెండోది, మొదటిది పొద్దున అలవాటు కొద్దీ ఆకుపచ్చ సిరాతో రాసి, ఆఫీసర్లు రాసే సిరా గదా అని గుర్తొచ్చి చింపేసింది. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు.

“హైమావతి గారూ” అన్నాడు అతను. గొంతు కొంచెం ముద్దగా ఉంది, జబ్బు తరువాత అట్లాగే అయింది. “ఇప్పుడే పెట్టబాకండి. రాహుకాలం గదా.”

ఆమె తలెత్తింది.

“పన్నెండు దాటినాకే పెట్టండి. నేను పూర్వాహ్నం అనే ఏసుకుంటా. నన్నెవరు అడగొచ్చారు?”

ఒళ్ళు మండింది ముందు. ఇంత చిన్న పనా ఇది, కలం ఇటు తిప్పితే అయిపోయేదా, ఆ విభూతి పెట్టుకున్న పెద్దమనిషికి ఆ రోజు ఇది చేతకాలేదా, ఈ మనిషికి ఇన్నేళ్ళు కోర్టు చుట్టూ తిరుగుతున్నప్పుడు గుర్తు రాలేదా! వెంటనే, గుర్తు రాకేం, అతను ఆ రోజు ఆగుతానన్నాడు గదా, తనే పొమ్మంది గదా అని ఇంకో మూలనించి ఎవరో అన్నట్టయింది. “బస్సు చెడిపోయిందని రాశాం మేము. మీరు చదివారా?” అంది, అడగాలని అనుకోకుండానే. “చదివా” అన్నాడు దేవదానం. “మా లాయరు గట్టిగా పట్టుకుందామన్నాడు. నేనే వద్దన్నా. గేటుకాడ నిలబడి వాచీ చూసుకుంటా ఉండె గదా మీ ఆయన, పాపం, కొత్తగా పెళ్ళయినోడు. మనిషన్నాక అట్టాంటిది కోర్టులో చదివించుకుంటే బతకలేడు.” ఆ పాపం అన్న మాట దగ్గర హైమావతి తల దించుకుంది. వరండాలో ఆ రోజు పానకాలరావు అన్న కులం మాట ఇద్దరి మధ్యా బల్ల మీదికి వచ్చి కూర్చుంది, ఇద్దరికీ కనపడుతోంది, ఇద్దరూ దాన్ని ముట్టుకోలేదు. క్షమించమని అడగడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. పెద్ద ఉద్యోగం పోయినంత తేలిగ్గా పోదు గర్వం.

కానీ గుండెల మీదినించి బండ దిగినట్టయింది, అది మాత్రం నిజం. ఇంక ఏ బ్రేకూ పడదు, ఎవరికీ ఏ నష్టమూ లేదు, ఆయన మాట ఆయనకి దక్కుతుంది. పన్నెండు దాటాక పెడుతుంది, ఇంటికి వెళ్ళాక చెప్తుంది, రాహుకాలం దాటాకే పెట్టానండీ, పూర్వాహ్నమనే వేశారు అని. ఆయన కొంచెంసేపు ఊరుకుని, చూశావా మరి అంటాడు. ఏమి చూశావో చెప్పడు. రేపో ఎల్లుండో మేకుకి పంచాంగం వచ్చి చేరుతుంది. ఆ ఒక్క చూశావా మరి కోసం ఈ నాలుగు నెలలూ ఏ కుర్చీలోనైనా కూర్చోగలదు, బెంచీ మీద కూర్చోమన్నా కూర్చుంటుంది. “ఖాశిం” అని పిలిచింది, అలవాటైన గొంతుతోనే వచ్చింది ఆ పిలుపు, సర్దుకుంది. “మా వారు చెట్టు కింద ఉన్నారు, వెళ్ళి చెప్పు, ఇప్పుడు రాహుకాలం గదా, పన్నెండు దాటాకే పెడుతున్నానని చెప్పు. అప్పుడు పెట్టినా పొద్దుటి లెక్కే వేస్తారట, కంగారు లేదని చెప్పు.” ఖాశిం ఇద్దరి మొహాలూ చూసి వెళ్ళాడు. కిటికీలోంచి నిద్రగన్నేరు సగమే కనపడుతుంది, స్కూటరు వెనక చక్రం, ఆయన చెప్పులు. ఖాశిం వంగి చెప్పడం కనపడింది. ఆ చెప్పులు కదల్లేదు. చాలాసేపు కదల్లేదు. ఎందుకు అంతసేపు, రెండు ముక్కల కబురే గదా, సరే అంటే అయిపోతుంది. దేవదానం ఎడమ చేత్తో గాజు కింద దేవుడి పటాన్ని సర్దుతున్నాడు, తీస్తున్నాడా ఉంచుతున్నాడా తెలియడం లేదు. ఫ్యాను కిర్రుమంటోంది. దీనికి నూనె వెయ్యమని ఎన్నిసార్లు చెప్పింది.

ఖాశిం గుమ్మంలోనే ఆగిపోయాడు. “ఏమన్నారు?” అంది. “ఇప్పుడే పెట్టెయ్యమన్నారు మేడం.” సరిగ్గా చెప్పలేదేమో వీడు. “రాహుకాలమని చెప్పావా?” “చెప్పా. ఈ సారు పొద్దుటిదే ఏస్తారంట అని గూడా చెప్పా. వద్దన్నారు.” చూపు నేలకి దించాడు. “ఈసారి నా మాట ఇనొద్దని చెప్పు అన్నారు మేడం. అదే మాట రెండుసార్లన్నారు.”

ఎన్ని రాత్రులు కోరుకుంది ఆ మాట! తలకొట్టేసినట్టయిన ప్రతి వాయిదాలో, లాయరు అడిగినప్పుడు, బస్సు కిటికీ పక్కన, ఒక్కసారి నా వల్లే అయిందే అని అంటే చాలు, అన్నీ మర్చిపోతాను అనుకుంది. తీరా వచ్చాక అది చేతిలో పట్టుకోలేని వస్తువులా ఉంది. ఇప్పుడెందుకు అన్నారండీ, ఇప్పుడే ఎందుకు, పన్నెండు దాకా ఆగమని ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయేది మీకు, నేను ఆగేదాన్ని గదా! కుర్చీ పోయిందని రాని ఏడుపు గొంతు దాకా వచ్చింది. బ్యాగులో చెయ్యి పెడితే ఆకుపచ్చ పెన్నే దొరికింది, వదిలేసింది, దేవదానం తన జేబులోని నీలం పెన్ను మూత తీసి బల్ల మీద ఇటు తోశాడు. సంతకం పెట్టింది, ఇన్ని వేల సంతకాలు పెట్టిన చెయ్యి, తన పేరు తనకే కొత్తగా ఉంది. కింద తనే రాసింది, పూర్వాహ్నం. కాగితం అటు జరిపింది. దేవదానం కుడి చేతి మణికట్టుని ఎడమ చేత్తో పట్టుకుని, వంకరటింకరగా, నెమ్మదిగా, ఆఫీసరు సంతకం పెట్టాడు.

కాగితం ఆరేలోగా ఆమె కిటికీ దగ్గరికి రెండడుగులు వేసింది, అక్కణ్ణించి చెట్టు మొత్తం కనపడుతుంది. స్కూటరు మీద ఫ్లాస్కు ఒక్కటే ఉంది. ఆయన ప్రహరీ దగ్గర ఉన్నాడు. వరండా నిండా జనం, లోపలికీ బయటికీ నడుస్తున్నారు, ఎవరికీ ఏమీ అనిపించలేదేమో, నీడ కోసం నిలబడ్డాడనుకుంటారు. అక్కడ నీడ లేదు. అరవై అయిదేళ్ళ లెక్కల మాస్టారు, చేతులు వెనక్కి పెట్టుకుని, ఎవరూ చెప్పకుండానే, గోడకేసి తిరిగి నిలబడి ఉన్నాడు.

ఇది ఆఫీసు వేళ. అకౌంటెంటు సీటు వదిలి వెళ్ళాలంటే అడిగి వెళ్ళాలి, ఆ మాట పదకొండేళ్ళు తనే అందరికీ చెప్పింది. రాత్రంతా నోట్లో తిరిగి తిరిగి దిగని మాట, ఇప్పుడు వెతుక్కోనక్కర్లేకుండానే వచ్చేసింది.

“ఒక్క నిమిషం బయటికి వెళ్ళొస్తాను సార్” అంది హైమావతి.